సంచి వీపున ఎండపలక

మా పిన్నికి యాభై నాలుగేళ్ళు. అందులో ముప్పై ఒక్క ఏళ్ళు కుట్టుమిషను ముందే గడిచాయి. ఆమె అసలు పేరు వీధిలో ముగ్గురికో నలుగురికో తెలిసి ఉంటుంది. తక్కిన అందరికీ, తనకంటే పెద్దవాళ్ళకు సైతం, ఆమె సంచుల పిన్ని. బడిపిల్లల సంచులు, ఉత్తరాలు పంచేవాళ్ళ సంచులు, వడ్రంగుల పనిముట్ల సంచులు, అన్నిటికంటే ఎక్కువగా కొండలెక్కేవాళ్ళు వీపుకు తగిలించుకునే పెద్ద సంచులు ఆమె చేతిలోనే పుడతాయి. చిరిగితే పుట్టింటికి వచ్చినట్టు అక్కడికే తిరిగి వస్తాయి.

దుకాణం మేడమెట్ల కింద ఒక పొడవాటి గది. ముందు కిటికీ వీధిలోకి, వెనక కిటికీ కొండమీదికి తెరుచుకుంటాయి. గోడ పొడవునా కాన్వాసు చుట్టలు, నైలాను చుట్టలు; మేకులకు వేలాడే జిప్పులు, పట్టీలు, ప్లాస్టిక్ కొక్కేలు; బల్ల చివర పార్సెళ్ళు తూచే చిన్న కాటా. మిషనుకు కుడివైపు అరిగిన సుద్దముక్క, ఎడమవైపు కుట్లు విప్పే చిన్న కత్తి. ఆ కత్తిని ఆమె ముట్టుకోవడం అరుదు. ఆ విషయంలో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఆమె పనికి ఒకటే శాసనం: అంచు మడవకుండా ఏ గుడ్డా గది దాటకూడదు. ఎవరి కంటా పడని లోపలి జేబుకు కూడా అంచు రెండు మడతలు వేసి, రెండు వరుసలు కుడుతుంది. అంచు వదిలేసిన గుడ్డా, తల దువ్వుకోకుండా పెళ్ళికొచ్చిన మనిషీ ఒకటేనని ఆమె సిద్ధాంతం.

వెనక కిటికీలోంచి కనబడే రాతిమెట్ల దగ్గరే రాళ్ళదారి మొదలవుతుంది. ముప్పై ఆరు గుర్తురాళ్ళ మీదుగా, కొండల వెన్ను పట్టుకుని ఎనిమిది రోజులు నడిస్తే అవతలి ఊరు వస్తుంది. మధ్యలో ఊళ్ళు లేవు, కరెంటు లేదు. పిన్ని మాత్రం మొదటి రాయి దాటి ఎన్నడూ వెళ్ళలేదు. అయినా ఆ దారి ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. అడుగుభాగం గీసుకుపోయి వచ్చిన సంచి తొమ్మిదో రాయి దగ్గరి జారుడు బండల మీద కూర్చుందని చెబుతుంది. పక్కజేబు చిరిగితే ఇరవయ్యో రాయి దగ్గరి ముళ్ళపొదల పనే అంటుంది. ఆమె చెప్పింది తప్పని అన్నవాళ్ళు లేరు.

పోయిన వేసవి మొదట్లో ఆ మొదటి రాయికి ఒక నోటీసు అంటించారు. పదేళ్ళుగా ఎవరైనా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినట్టు రుజువు లేదు గనుక, రాళ్ళదారిని ప్రజల దారుల పట్టిక నుంచి తొలగించబోతున్నారని దాని సారాంశం. నడిచేవాళ్ళు ఉన్నారు. కాని అందరూ తలా రెండు రోజులు, మూడు రోజులు నడిచి పక్కదారిన దిగిపోయేవాళ్ళే. పట్టికలో లేని దారికి మరమ్మతు ఉండదు, గుర్తురాయి ఉండదు. రెండు వర్షాకాలాలు గడిస్తే దారే ఉండదు. దారి లేకపోతే ఈ వీధికి వీపుసంచితో వచ్చే మనిషీ ఉండడు. పిన్ని కుట్టే ప్రతి పది సంచుల్లో ఏడు ఆ దారి కోసం కుట్టేవే.

న్యాయశాస్త్రం చదివి ఏడాదిన్నర అయిన దాన్ని గనుక ఆ నోటీసును నేను ఒక్క గుక్కలో చదివి, ఒక్క పూటలో అభ్యంతరపత్రం రాసి దాఖలు చేశాను. అభ్యంతరం చెప్పే మనిషి దారి మొదలయ్యే వీధిలో కాపురముండాలని నియమం. నేను ఉండేది ఊరికి ఆ చివర అద్దెగదిలో. అందుచేత పిన్ని పేరు రాశాను. సంతకం పెట్టమంటే, జిప్పు కుడుతూనే పెట్టింది. నియమావళి రెండో పేజీని నేను ఆ మర్నాడు గాని శ్రద్ధగా చదవలేదు. అభ్యంతరదారు స్వయంగా దారంతా నడవాలని, ప్రతి రాయినీ నాలుగు వైపుల నుంచీ, రాయికీ రాయికీ మధ్య దారినీ వరుస తప్పకుండా ఫొటోలు తీయాలని, ఆ కెమెరాను గడువులోగా అవతలి ఊరి కార్యాలయంలో అప్పగించాలని అక్కడ స్పష్టంగా ఉంది.

ఈ సంగతి చెప్పినప్పుడు పిన్ని మిషను ఆపింది.

"సంతకం నాతో పెట్టించావు సరే. నా మోకాళ్ళతో కూడా పెట్టించావా, లాయరమ్మా?"

బడి బస్సు నడిపే బాబాయి అప్పుడే భోజనానికి వచ్చాడు. సంగతి విని, దారం కొట్టుకు కూడా రిక్షాలో వెళ్ళే మనిషిని కొండెక్కిస్తున్న నీకు కేసులకు కొదవ ఉండదమ్మా అని నన్ను దీవించాడు. పిన్ని ఆయన వైపు చూడలేదు. వెనక కిటికీలోంచి మెట్ల వైపు కాసేపు చూసి, ఎప్పుడు బయలుదేరాలని అడిగింది. తోడుగా ఒకరు నడవవచ్చని నియమం ఒప్పుకుంటుంది. నేను వస్తానన్నాను.

కెమెరా మా ఊరి దారుల కార్యాలయంవాళ్ళే ఇస్తారు. ఫోన్లలో కెమెరాలు లేని కాలంలో రాసిన నియమం కాబట్టి ఫోనులో తీసినవి చెల్లవు. వాళ్ళిచ్చిన కెమెరా పాతది. ఫొటోలు దాచుకునే కార్డు బయటికి రాకుండా దాని మూతకు కాగితపు ముద్ర అంటించి ఉంది. దానితో పాటు రెండు బ్యాటరీలు, గోడకు తగిలించే ఒక చార్జరు ఇచ్చారు. ఎనిమిది రోజుల పాటు గోడ అన్నదే కనబడని దారికి గోడకు తగిలించే చార్జరు ఇవ్వడంలోని తర్కం గురించి నేను ఆ గుమాస్తాతో పావుగంట వాదించాను. ఆయన ఓపికగా విని, రసీదు మీద సంతకం పెట్టమన్నాడు.

లెక్క సులువే. రోజుకు డెబ్బై, ఎనభై ఫొటోలు. ఒక బ్యాటరీ ఒక రోజుకు సరిపోతుంది. రెండు బ్యాటరీలకు రెండు రోజులు. మిగిలిన ఆరు రోజులూ వట్టి చేతులు. అలాంటి బ్యాటరీలు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. పవర్‌బ్యాంకులు మోసుకెళదామంటే మూడు కావాలి. ఆ మూడూ కలిసి పిన్ని కుట్టిన ఖాళీ సంచి కంటే బరువు. బజారులో మడతపెట్టే సోలార్ చార్జరొకటి దొరికితే నేను కొని తెచ్చాను. పిన్ని దాన్ని కాటా మీద పెట్టింది: ఏడువందల పది గ్రాములు. అటూ ఇటూ తిప్పి, గోరుతో కుట్లు తడిమి చూసి, ఇందులో ఎండ పట్టేది పావువంతని, మిగతాదంతా అట్ట, జేబులు, గంటలాగా వేలాడే కొక్కేలని తేల్చి, నాకే తిరిగి ఇచ్చేసింది.

వీపుసంచి కుట్టేవాళ్ళకు బరువు ఒక శత్రువు. కొండ మీద మూడో రోజున ప్రతి పది గ్రాములూ నోరు తెరిచి మాట్లాడతాయని పిన్నికి ముప్పై ఏళ్ళుగా గిరాకీలు చెబుతూనే ఉన్నారు. ఆమె తన పళ్ళబ్రష్షు పిడిని సగానికి కోసింది. దువ్వెనకు సగం పళ్ళు తీసేసింది. బాబాయి అది చూసి నోటిలో పళ్ళు కూడా సగం ఇంట్లో పెట్టి వెళ్ళమని సలహా ఇచ్చాడు. చార్జరు రెండువందల గ్రాములు దాటడానికి వీల్లేదని ఆమె తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

వీధి చివర రేడియోలు బాగుచేసే తాతను అందరూ తీగల తాత అంటారు. మేము వెళ్ళేసరికి ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని ఒక పాత రేడియో కడుపులో వెతుకుతున్నాడు. మాకు కావలసింది విని, అటక మీది డబ్బాలోంచి రెండు పలుచని సోలార్ పలకలు తీశాడు. నోటుబుక్కు అంత వెడల్పు, పేకముక్కలా వంగుతాయి, చుట్టూ చట్రం లేదు. ఒక్కో పలక మీద పొడవునా పన్నెండు నల్లని సన్నపట్టీలు. రెండూ కలిపి తూచితే తొంభై రెండు గ్రాములు. ఎండ హెచ్చినా తగ్గినా కరెంటును ఒకే మట్టంలో ఉంచే వేలెడు బోర్డు ఇంకొకటి ఇచ్చాడు. కరెంటు పారుతుంటే దాని మీద ఎర్ర దీపం వెలుగుతుంది. కార్యాలయంవారి బ్యాటరీ కూర్చునే చిన్న తొట్టి చార్జరు కోసం మాత్రం రెండు రోజులు వెతికాడు.

టంకం వేస్తూ ఆయన ఒక మాట చెప్పాడు. "ఈ పన్నెండు పట్టీలూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డాయనుకో అమ్మాయ్. ఒకటి చతికిలబడిందా, మిగతా పదకొండూ నిలబడి ఉండీ లాభం లేదు."

నేను సరేనన్నాను. పిన్ని తల ఊపింది గాని ఆ సమయంలో ఆమె పలక కొలతలు రాసుకుంటూ ఉంది.

ఆ తర్వాత పది రోజులు మేడమీదే మా మకాం. మొదటి రోజున పలకలను గుడ్డ మీద పరిచి మడతపెడితే టంకం దగ్గర తీగ పుటుక్కున తెగింది. పిన్నికి అది కొత్త సమస్య కాదు. సంచి మూత తెరిచిన ప్రతిసారీ జిప్పు లాగబడకుండా ఎంత వదులు ఉంచాలో ఆమెకు తెలుసు. తీగకు కూడా అంతే వదులు ఉంచి, వంకరటింకరగా గుడ్డకు కుట్టేసింది. మళ్ళీ తెగలేదు. రెండో చిక్కు వేడి. పలక కిందనే ఉంచిన బ్యాటరీ మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనివ్వలేదు. పిన్ని పలకకూ జేబుకూ మధ్య గాలి ఆడే వల గుడ్డ వేసి, జేబును సంచి నీడ వైపుకు మార్చింది. మబ్బు పట్టినప్పుడల్లా ఎర్ర దీపం ఆరిపోయి, ఎండ రాగానే వెలిగేది. ఆ దీపాన్ని చూస్తూ ఆమె మేడమీదే సంచులు కుట్టింది. నన్ను మాత్రం నా నీడ పలకల మీద పడకుండా ఒక మూల కూర్చోమంది.

చివరికి నడిమధ్యాహ్నపు ఎండలో ఒక బ్యాటరీ మూడున్నర గంటల్లో నిండింది. మొత్తం బరువు నూటడెబ్బై ఎనిమిది గ్రాములు. కాటా మీది అంకె చూసి పిన్ని చాలాసేపు నవ్వింది. బాబాయిని పిలిచి చూపించింది. ఆయన తన అద్దాలు తుడుచుకుని మరీ చూసి, ఇందులో నీ నోరు కలపలేదేమో అన్నాడు.

బయలుదేరే ముందురోజు సాయంత్రం నేను గడువుల కాగితాలు సర్దుకుంటూ ఉంటే పిన్ని మిషను మీద ఏదో కుట్టుకుంటూ ఉంది. ఏమిటని నేను అడగలేదు. అది చెప్పవలసిన సంగతి అని ఆమెకూ తోచలేదు.

మొదటి రోజు సాఫీగా గడిచింది. పిన్ని ముందు, నేను వెనక. పన్నెండు కిలోమీటర్లు, నాలుగు రాళ్ళు, ఎనభై రెండు ఫొటోలు. ప్రతి రాయి దగ్గరా ఆమె మొదట రాయిని చేత్తో తట్టి, తర్వాతే కెమెరా తీసేది. ఇన్నాళ్ళూ సంచుల మీది చిరుగులుగా మాత్రమే తెలిసిన చోట్లను కళ్ళతో చూస్తుంటే ఆమెకు అలసట తెలియలేదు. తన నడక వేగాన్ని నేను పెంచమన్నప్పుడల్లా, కొండ ఎక్కడికీ పారిపోవడం లేదని మాత్రం అనేది.

రెండో రోజున ఖాళీ అయిన బ్యాటరీని చార్జరులో పెట్టి, పలకలను సంచి వీపున పరిచాం. ఎండ బ్రహ్మాండంగా ఉంది. నేను రోజంతా ఆమె వెనకే నడిచాను, ఆ పలకలనే చూస్తూ. చుట్టూ బూడిదరంగు గుడ్డతో అంచు కట్టి, రెండు వరుసల కుట్టు వేసి, ఎంత చక్కగా ఉన్నాయో అనుకున్నాను కూడా. ఎర్ర దీపం వెలిగీ వెలగనట్టు మినుకుమంటూ ఉంది. నడకకు పలకలు ఊగుతాయి గనుక దీపం అలాగే మినుకుమంటుందని ఇద్దరం అనుకున్నాం. సాయంత్రం ఆ బ్యాటరీని కెమెరాలో పెడితే మూడు ఫొటోలు తీసి కన్ను మూసింది.

ఎంత పొదుపుగా వాడినా, మూడో రోజు మధ్యాహ్నానికి, పదమూడో రాయి దగ్గర, రెండో బ్యాటరీ కూడా అయిపోయింది.

అప్పుడు నేను తీగల తాతను నానా మాటలూ అన్నాను. ఆయన పాత సరుకు అంటగట్టాడని, బోర్డు చెడిపోయిందని, దిగగానే ఆయన దుకాణం ముందు నిలబడి అడుగుతానని అన్నాను. నిజానికి నా కోపమంతా గడువు మీద. తొమ్మిదో రోజు సాయంత్రం అయిదింటికి అవతలి ఊళ్ళో కార్యాలయం తలుపులు మూస్తారు. నడక ఎనిమిది రోజులు. అదనంగా ఉన్నది ఒక్కటే రోజు. నిలబడి చూస్తే బ్యాటరీ నిండదు, నడుస్తూ ఉంటే నిండుతుందేమో, ముందు దూరమైనా తరుగుతుందని నేను పట్టుబట్టాను. పిన్ని సరేనంది. పద్నాలుగు, పదిహేను, పదహారు రాళ్ళను వట్టి చేతులతో దాటాం. ఆమె వాటిని కూడా తట్టింది.

పదహారో రాయి దగ్గర చదునైన బండ ఒకటి ఉంది. అక్కడ సంచి దించి, పలకలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది పిన్ని. తీగలన్నీ తడిమి చూసింది, ఎక్కడా తెగలేదు. పలక మీద పడిన ఆకును తీయబోయి ఆగింది. ఆకును ఒక పట్టీ మీద నిలువునా పెట్టింది. మినుకుమనే దీపం పూర్తిగా ఆరింది. తీసింది. మళ్ళీ మినుకుమంది. ఒక చిన్న ఆకు. పన్నెండింటిలో ఒక్క పట్టీ.

ఆమె పలకను కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని పట్టీలను వేలితో లెక్కపెట్టింది. పదకొండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. రెండో పలక మీదా పదకొండే. పన్నెండో పట్టీ ఆమె వేసిన అందమైన అంచు కింద, రెండు మడతల బూడిదరంగు గుడ్డ చాటున, చీకట్లో కూర్చుని ఉంది. అది చతికిలబడగానే దాని చెయ్యి పట్టుకున్న పదకొండూ చతికిలబడ్డాయి.

పిన్ని అంచు మీద బొటనవేలు ఆనించింది.

"నలుగురిలో వీపు మీద వేసుకుని తిరిగేది, అంచు లేకుండా ఎలా పంపిస్తానే? అది కూడా చెప్పాలా అనుకున్నాను," అంది. తర్వాత, నా ముఖం చూసి, "తాతను తిట్టినవన్నీ వెనక్కి తీసుకో ముందు. ఒక్కొక్కటీ," అంది.

తీసుకున్నాను. ఆమె సంచి పైజేబులోంచి కుట్లు విప్పే కత్తి తీసింది. బరువు తగ్గించడానికి పిడి ఊడదీసిన వట్టి ఉక్కుముక్క. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె తన కుట్టును తానే విప్పుతుంటే చూసినవాళ్ళు అరుదు. మొదటి కుట్టు దగ్గర చెయ్యి కొంచెం ఆగింది. తర్వాత ఆగలేదు. రెండు పలకల అంచులూ ఊడదీసి, గుడ్డ పోగులు పోగులుగా వేలాడుతుండగానే వదిలేసి, నాలుగు మూలలా మాత్రం దారంతో బిగించి కట్టింది. పలక ఎండకు తిరగగానే ఎర్ర దీపం దానిమ్మగింజలా నిలకడగా వెలిగింది.

చూడటానికి ఘోరంగా ఉందని పిన్ని అంది. నా కళ్ళకు మాత్రం అంతకంటే అందమైన వస్తువు ఆ కొండ మీద లేదు.

కాని అప్పటికే పొద్దు వాలుతోంది. ఆ సాయంత్రం కొద్దిగా, మర్నాడు పొద్దున ఎండ ఎక్కే దాకా మరికొంత, ఒక బ్యాటరీలో సగం నిండింది. అప్పుడు మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నా వాదన ఇది: మూడు రాళ్ళు పోతే పోయాయి, ముందుకు వెళ్ళిపోదాం, మిగతా ముప్పై మూడింటికీ ఫొటోలు ఉంటాయి, ఆ మూడింటికి ఒక ప్రమాణపత్రం రాసి దాఖలు చేస్తాను, అధికారులు కాదనడానికి వీల్లేని విధంగా రాయగలను. వెనక్కి వెళ్ళివస్తే ఉన్న ఒక్క అదనపు రోజూ పోతుంది. ఆ తర్వాత వాన పడినా, కాలు బెణికినా, దారి మనది కాదు.

పిన్ని బూటు తాళ్ళు బిగించుకుంటూ విన్నది.

"కుట్టు తప్పిందని తెలిశాక ముందుకు కుట్టుకుంటూ పోతే అది సర్దుకోదమ్మడూ. విప్పుకుంటూ తప్పిన చోటికి రావాలి. నీ కాగితం ఎంత గట్టిదైనా సరే, రాయి ఉన్న చోట రాయే ఉండాలి."

సంచి వీపున వేసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కొండ మీద అభ్యంతరదారును ఆపే అధికారం ఆమె న్యాయవాదికి ఏ చట్టమూ ఇవ్వలేదు. నేనూ నడిచాను.

పదమూడో రాయి దాకా వెళ్ళి, దాన్ని మరోసారి తట్టి, అక్కడి నుంచి పద్నాలుగు, పదిహేను, పదహారు, ప్రతి రాయినీ నాలుగు వైపులా, మధ్య దారిని అడుగడుగునా తీసుకుంటూ తిరిగి వచ్చేసరికి రోజు గడిచిపోయింది. ఆ రోజంతా పలకలు ఆమె వీపున ఉన్నాయి. గుడ్డపోగులు గాలికి అల్లాడుతూ ఉన్నాయి. సాయంత్రానికి రెండో బ్యాటరీ నిండుగా ఉంది. ఆ తర్వాత ఒక్కసారీ చార్జింగుకు లోటు రాలేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు గదా, పిన్ని ఎండ ఉండగానే ఒకటి నింపుతూ, ఒకటి వాడుతూ నడిచింది. ఇరవయ్యో రాయి దగ్గర ముళ్ళపొదలు నిజంగానే ఉన్నాయి, సరిగ్గా పక్కజేబు ఎత్తులో. ఆమె వాటిని కూడా ఒక ఫొటో తీసింది. నియమంలో లేదని నేను అంటే, తన రికార్డు కోసమని చెప్పింది.

తొమ్మిదో రోజు రెండుంబావుకు ముప్పై ఆరో రాయి చివరి ఫొటో తీశాం. రెండున్నరకు కార్యాలయం మెట్లెక్కాం. బూట్ల నిండా దుమ్ము, ముక్కు మీద ఎండకు ఊడిన చర్మం, వీపున పీలికల పలకలు. కాపలా అతను మమ్మల్ని రెండుసార్లు చూసి గాని లోపలికి వదల్లేదు.

దారుల పట్టిక చూసే అధికారిణి సన్నగా, పొడుగ్గా, తొందర అన్నది ఎరగనట్టు ఉంది. కెమెరా ముద్ర పరిశీలించి, విప్పి, కార్డును తన యంత్రంలో పెట్టి, ఫొటోలు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది. పదమూడో రాయి దగ్గర ఆగింది. అక్కడ తీసిన చివరి ఫొటో మూడో రోజు మధ్యాహ్నానిది. దాని తర్వాతిది నాలుగో రోజుది. ఈ ఖాళీ సమయంలో మీరెక్కడ ఉన్నారని అడిగింది. నడక ఎడతెగకుండా సాగాలని నియమం ఉందని గుర్తు చేసింది.

నా దగ్గర మూడు వాదనలు సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచేలోగా పిన్ని మాట్లాడింది. బ్యాటరీ అయిపోయిందని, తప్పు యంత్రానిది కాదని, తానే ఎండకు అడ్డంగా అంచు కుట్టానని, మూడు రాళ్ళు ఊరికే దాటి మళ్ళీ వెనక్కి వచ్చి తీశానని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అధికారిణి కలం పక్కన పెట్టి, అంచు అంటే ఏమిటని అడిగింది. పిన్ని పలకలు బల్ల మీద పరిచి చూపించింది. ఎక్కడ మడిచిందీ, ఎంత మడిచిందీ, ఏ పట్టీ చాటు పడిందీ వివరించింది. అధికారిణి ముందుకు వంగి, వేలితో పట్టీలు లెక్కపెట్టుకుంది. తీగకు అన్ని వంకరలు ఎందుకని కూడా అడిగింది.

"అర్థమైంది," అంది చివరికి. "కాని వెనక్కి నడవడం గురించి నియమంలో ఎక్కడా లేదు. అది నడక ఆగినట్టా, సాగినట్టా?"

పిన్ని పలకలను మడిచి పక్కన పెట్టింది.

"ముందుకు నడిచిన దారే వెనక్కి కూడా నడిచానండీ. ఒకవైపు నడిస్తేనే దారి అంటారు మీరు. రెండువైపులా నడిస్తే లేదంటారా?"

గదిలో ఇంకో బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా నవ్వు ఆపుకోలేక ఫైలు చాటు చేసుకున్నాడు. అధికారిణి నవ్వలేదు, కాని కలం తీసుకుంది. మిగిలిన ఫొటోలన్నీ అంతే ఓపికగా చూసింది. ముళ్ళపొద దగ్గర ఏమీ అడగలేదు. ముప్పై ఆరో రాయి కనబడ్డాక గోడగడియారం వైపు చూసి, అయిదుకు నాలుగు నిమిషాలు తక్కువని కాగితం మీద రాసి, స్వీకరించాను అని సంతకం చేసింది.

ఉత్తర్వు మూడు వారాలకు వచ్చింది. అది పట్టుకుని నేను దుకాణానికి వెళ్ళేసరికి పిన్ని ఒక పెద్ద సంచికి భుజంపట్టీ వేస్తోంది. చదవమంది. సాధారణంగా ఇలాంటి ఉత్తర్వులు సూటిగా ఏమీ చెప్పవు, ఇది చెప్పింది. రాళ్ళదారి ఉన్నది. ముప్పై ఆరు రాళ్ళూ ఉన్నవి. రెండు దిశలలోనూ నడవదగినదని రుజువైనది. ఆ చివరి వాక్యం పిన్ని నాతో మూడుసార్లు చదివించింది. బాబాయికి వినిపించడానికి నాలుగోసారి తానే చదివింది. ఆయన లేచి నిలబడి, ఆఫీసువాళ్ళు కూడా నీతో వాదించి గెలవలేకపోయారన్న మాట, నేనొక్కణ్ణే కాదు, ఎంత ఊరటగా ఉందో అన్నాడు.

మళ్ళీ ఎప్పుడు ఇలా అడుగుతారని పిన్ని నన్ను అడిగింది. పదేళ్ళకొకసారి పట్టికను సవరిస్తారని చెప్పాను. ఆమె వేళ్ళ మీద తన వయసు లెక్కవేసుకుంది.

"అరవై నాలుగు. పరవాలేదు," అంది. "ఈసారి ఆ ఊరి నుంచి ఇటు నడుద్దాం. దిగుడు ఎక్కువ, నీ తొందరకు సరిపోతుంది."

ఆ తర్వాత మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ సంచి తీసుకోవడానికి మనిషి మధ్యాహ్నం వస్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే అతను రాళ్ళదారి మెట్లెక్కుతాడు.